స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్ అని ముఖానికి సూది వేయించుకునే ముందు ఏం చేయాలి

మా పిన్ని కూతురు నాకు ఫోన్ చేసేసరికే 30,000 అడ్వాన్స్ కట్టేసింది. "అక్కా, స్టెమ్ సెల్స్ అంట, మొటిమల గుంటలన్నీ పూడిపోతాయంట, 6 సిట్టింగ్‌లు, పెళ్లిలోపు అయిపోద్ది" అంది. మొత్తం ప్యాకేజీ 1,20,000. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, ముందు బ్లడ్ బ్యాంక్‌లో చేశా, తర్వాత నాలుగేళ్లు ఒక స్కిన్ క్లినిక్‌లో చేశా, పేషెంట్ రక్తం తీసి పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్స్ ఎక్కువున్న ప్లాస్మా, తయారుచేసి డాక్టర్ చేతికి ఇచ్చే పని నాదే, అందుకని ఆ మాట వినగానే నేను అడిగింది ఒక్కటే, "సిరంజిలో ఏం పోస్తున్నారే?" అని. తనకి తెలీదు. కౌన్సెలర్‌ని అడిగితే "అడ్వాన్స్‌డ్ స్టెమ్ సెల్ టెక్నాలజీ మేడమ్" అన్నారంట. లక్షా ఇరవై వేలు పెట్టి కొనేదాని పేరు కూడా చెప్పలేదు. నేను సెలవు పెట్టుకుని వెళ్లేలోపు మొదటి సిట్టింగ్ అయిపోయింది, రెండోదానికి నేను పక్కన కూర్చున్నా. ఆ రోజు నేను అడిగినవీ, అసలు తను ముందే అడిగుండాల్సినవీ అన్నీ వరసగా చెప్తాను, మీరు గానీ మీ ఇంట్లో ఎవరైనా గానీ ఇలాంటిదానికి వెళ్తుంటే పనికొస్తాయి.

ముందు ఒక విషయం. చర్మానికి స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలు పుట్టించే మూల కణాలు, అనేది కట్టుకథ కాదు. మన చర్మం పై పొర అడుగున, వెంట్రుక కుదుళ్ల దగ్గర మూల కణాలు ఉంటాయి, పై పొర దాదాపు నాలుగు వారాలకోసారి కొత్తదైపోయేది వాటివల్లే. 2015లో జర్మనీలోని బోహుమ్ ఆసుపత్రిలో ఒక ఏడేళ్ల బాబు, పుట్టుకతోనే చర్మం పొక్కులొచ్చి ఊడిపోయే జబ్బు, ఒంటిమీద చర్మం దాదాపు లేని స్థితి. వాడి దగ్గర 4 చదరపు సెంటీమీటర్ల చర్మం తీసుకుని, ఇటలీలోని మోడెనాలో ల్యాబ్‌లో పెంచి, జన్యు లోపం సరిచేసి, షీట్లు షీట్లుగా మళ్లీ వాడికే వేశారు, 80 శాతం చర్మం కొత్తగా వచ్చింది, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది ఇది. మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 2001 నుంచి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూల కణాలతో, సున్నమో యాసిడో పడి పాడైన కళ్లకి వైద్యం చేస్తున్నారు. మూల కణాలతో పనంటే ఇదీ. ల్యాబ్, నెలల టైం, రికార్డులు, ఎథిక్స్ కమిటీ. నలభై నిమిషాల సిట్టింగ్‌లో, ఏసీ రూమ్‌లో, మీ ఒంట్లోంచి ఏమీ తీయకుండా "మీ సెల్స్‌తోనే చేస్తున్నాం" అంటే అది ఇది కాదు.

మొదట వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పెట్టండి

ఫోన్‌లో అడక్కండి, నోటి మాట గాల్లో పోద్ది. క్లినిక్ నంబర్‌కి మెసేజ్ పెట్టండి: నా ముఖంలోకి ఎక్కించేది ఏంటి, పేరు రాయండి. అది ఎవరి ఒంట్లోంచి లేదా దేన్నుంచి వచ్చింది. ఎక్కడ, ఎవరు తయారుచేశారు. జవాబు రాతలో రావాలి. "డాక్టర్ గారు వచ్చాక ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు, ముందు స్లాట్ బుక్ చేసుకోండి, ఆఫర్ ఈ రోజే" అంటే ఆ రోజు డబ్బు కట్టకండి.

జవాబు వస్తే చాలావరకు ఈ కింద చెప్పేవాటిల్లో ఒకటై ఉంటది.

ఎక్కువగా వచ్చేది పీఆర్‌పీ. మీ రక్తమే 10 నుంచి 20 ఎంఎల్ తీసి, గడ్డకట్టకుండా ఉండే మందున్న ట్యూబ్‌లో పోసి, సెంట్రిఫ్యూజ్ అనే మెషీన్‌లో గిర్రున తిప్పుతారు. బయటికి తీసి వెలుతురుకి పట్టుకుంటే మూడు పొరలు కనిపిస్తాయి, అడుగున ముదురు ఎరుపు, దానిమీద తెల్లగా పల్చటి గీత లాంటి పొర, ఆపైన గడ్డి రంగు ప్లాస్మా. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్స్ ఎక్కువుండేది ఆ తెల్ల గీతకి ఆనుకుని ఉన్న కింది ప్లాస్మాలో, పైదంతా పల్చన. చెయ్యి వణక్కుండా ఆ కింది భాగం లాగడంలోనే పనంతా ఉంటది, హడావిడిగా చేస్తే ఎర్రకణాలు కలిసి గులాబీ రంగొస్తది, లేదా పైన పల్చటిదే లాగేస్తారు, అప్పుడు మీకు ఎక్కేది మామూలు ప్లాస్మా. మామూలుగా మన రక్తంలో మైక్రోలీటర్‌కి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్స్ ఉంటాయి, మంచి పీఆర్‌పీలో 10 లక్షల దాకా ఉండాలని అనుకుంటారు. ఇవన్నీ చెప్పింది ఎందుకంటే, ప్లేట్‌లెట్స్‌కి కేంద్రకమే ఉండదు, అవి విడిపోయి వేరే కణాలుగా మారేవి కావు, మూల కణాలు అసలే కావు. జీఎఫ్‌సీ అన్నా ఆ కుటుంబమే, ప్లేట్‌లెట్స్ నుంచి బయటికొచ్చిన గ్రోత్ ఫ్యాక్టర్స్. పీఆర్‌పీ చెడ్డదని నేను అనట్లేదు, నాలుగేళ్లు నా చేతులతోనే చేశాను, జుట్టుకి, మైక్రోనీడ్లింగ్‌తో (సన్న సూదులతో చర్మానికి చిన్న చిన్న రంధ్రాలు చేయడం) కలిపి గుంటలకి కొంతమందికి బాగానే పనిచేస్తది. దానికి స్టెమ్ సెల్ అని పేరు పెట్టి నాలుగింతలు వసూలు చేయడం దగ్గరే నాకు కడుపు మండుద్ది.

రెండోది ఎక్సోజోమ్స్. ఈ మధ్య "స్టెమ్ సెల్" అన్న బోర్డుల వెనక ఎక్కువ ఇదే ఉంటోంది. కణాలు బయటికి వదిలే చిన్న చిన్న సంచుల్లాంటివి ఇవి, కణాలు కావు. ల్యాబ్‌లో పెంచిన మనిషి మూల కణాల నుంచి తీస్తారు, కొన్ని మొక్కల నుంచి కూడా. పొడి వయల్, దాంతోపాటు కలుపుకునే ద్రవం వయల్, రెండూ కలిపి వస్తాయి. కొరియా నుంచి వచ్చేవాటిలో చాలావరకు అక్కడ కాస్మెటిక్ కిందే అమ్ముతారు, అంటే పైన రాసుకోడానికే. అమెరికాలో మందుల్ని ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్‌లోనే ఎక్సోజోమ్ ప్రొడక్ట్స్ మీద జనానికి హెచ్చరిక ఇచ్చింది, తాము దేన్నీ ఆమోదించలేదని చెప్పింది. యూరప్‌లో అయితే మనిషి కణాల నుంచి వచ్చినదేదీ కాస్మెటిక్స్‌లో వాడకూడదు.

సాల్మన్ డీఎన్ఏ అంటే చేప నుంచి తీసిన పాలీన్యూక్లియోటైడ్స్. దానికీ మూల కణాలకీ సంబంధం లేదు. యాపిల్ స్టెమ్ సెల్ క్రీములు, ద్రాక్ష స్టెమ్ సెల్ సీరమ్‌లు అయితే మొక్క కణాల సారం, స్విట్జర్లాండ్ యాపిల్ రకం ఒకదాంతో 2008 ప్రాంతంలో మొదలైన ఫ్యాషన్ అది. సీసాలో బతికున్న కణం ఏదీ ఉండదు, ఉన్నా యాపిల్ కణం మన చర్మంలో చేసే పనేం లేదు. మాయిశ్చరైజర్‌గా బాగుంటే ఆ రేటుకి కొనుక్కోండి, అంతే.

ఇక కొవ్వు. పొట్ట దగ్గరో తొడ దగ్గరో కొవ్వు లాగి, రెండు 10 ఎంఎల్ సిరంజిలు కలిపి ఇటూ అటూ 30 సార్లు తోస్తే పాలలాగా పల్చనవుద్ది, వడకట్టి సన్న సూదితో ఎక్కిస్తారు, నానోఫ్యాట్ అంటారు, 2013లో బెల్జియం సర్జన్లు రాసిన పద్ధతి. ఇందులో కొవ్వులోని మూల కణాలు కొన్ని నిజంగానే ఉంటాయి. ఇది ప్లాస్టిక్ సర్జన్ చేసే పని, బ్యూటీ క్లినిక్ పని కాదు. అదే కొవ్వుని కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించి కణాలు వేరుచేస్తే దాన్ని ఎస్‌వీఎఫ్ అంటారు, అది మందు తయారీతో సమానం, పర్మిషన్ లేకుండా చేయకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి కూడా చెప్తున్నా, అక్కడ 2024 సెప్టెంబర్‌లో అప్పీల్ కోర్టు ఇది డ్రగ్ కిందకే వస్తదని తీర్పిచ్చింది, కాబట్టి "నీ కొవ్వే కదా, రూల్స్ లేవు" అంటే నమ్మకండి.

కొవ్వు కణాలని తేలిగ్గా తీసుకోకండి ఎందుకంటే, లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ కళ్ల చుట్టూ తన కొవ్వులోంచి తీసిన కణాలు ఎక్కించుకుంది, అదే టైంలో కాల్షియం ఉన్న ఫిల్లర్, అంటే ముడతలు నింపే మందు, కూడా వేశారు. కొన్ని నెలలకి కన్ను తెరిచినప్పుడల్లా రెప్పలో టకటకా చప్పుడు. ఆపరేషన్ చేసి చూస్తే రెప్పలో చిన్న ఎముక ముక్కలు. ఆ కణాలకి కాల్షియం దొరికి ఎముకలయ్యాయని డాక్టర్లు అనుకున్నారు. 2012లో బయటికొచ్చిన కేసు ఇది. బతికున్న కణానికి తోచిన దారి అది పడతది, అందుకే దానికి అన్ని రూల్స్.

ఆ రూల్స్ ఏంటో రెండు ముక్కల్లో

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం మూల కణాలతో ఆమోదం ఉన్న వైద్యం రక్త సంబంధ జబ్బులకి చేసే మార్పిడి, అంటే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ లాంటిది. మిగతావన్నీ క్లినికల్ ట్రయల్ లోపలే చేయాలి. 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో మూల కణాల ప్రొడక్ట్స్ కొత్త మందు కిందకి వస్తాయి. ముడతలకి, గుంటలకి, తెల్లబడ్డానికి స్టెమ్ సెల్ ప్యాకేజీ అమ్మడానికి ఇక్కడ దారే లేదు.

కొందరు తెలివిగా "ఇది ట్రయల్ మేడమ్" అంటారు. అప్పుడు మీరు చేయాల్సింది: సీటీఆర్‌ఐ నంబర్ అడగండి. ఐసీఎంఆర్ నడిపే రిజిస్ట్రీ అది, 2009 జూన్ నుంచి ట్రయల్స్ అందులో నమోదవడం తప్పనిసరి. వెబ్‌సైట్ సీటీఆర్‌ఐ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, ఫ్రీగా ఎవరైనా వెతకొచ్చు. నంబర్ కొట్టి ఆ క్లినిక్ పేరు, ఆ డాక్టర్ పేరు, మీకున్న సమస్య, మూడూ అందులో ఉన్నాయో లేదో చూడండి, మోకాళ్ల నొప్పుల ట్రయల్ నంబర్ చూపించి ముఖానికి చేస్తే కుదరదు. ఇంకోటి, నిజమైన ట్రయల్‌లో పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు, ఏదైనా జరిగితే వైద్యం, నష్టపరిహారం వాళ్లే ఇవ్వాలి. లక్ష రూపాయలు అడిగే ట్రయల్ ట్రయల్ కాదు.

డాక్టర్ ఎవరు

ముఖం మీద సూదితో పని చేసేవాళ్లు చర్మ వైద్యంలో ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ చదివినవాళ్లు, లేదా ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ అయ్యుండాలి. కాస్మెటాలజిస్ట్, ఎస్థెటిక్ ఫిజీషియన్, ట్రైకాలజిస్ట్ అని ఉంటే అవి కొన్ని వారాల కోర్సులు కూడా కావచ్చు, ఆగి చూడండి. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటది, దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో గానీ, మన తెలంగాణ, ఏపీ మెడికల్ కౌన్సిల్ సైట్లలో గానీ కొట్టి చూడొచ్చు. బోర్డు మీద పేరున్న డాక్టరే మీకు చేస్తారా అన్నది కూడా అడగండి. మా చెల్లికి చేసింది డాక్టర్ కాదు, తెల్లకోటు వేసుకున్న ఒక థెరపిస్ట్, డాక్టర్ పక్క బ్రాంచ్‌లో ఉన్నారంట.

ఆ రోజు టేబుల్ మీద ఏం చూడాలి

రెండో సిట్టింగ్‌కి నేను పక్కనుండి "వయల్ ఒకసారి ఇస్తారా" అన్నా. ఆ అమ్మాయి రెండు నిమిషాలు తటపటాయించి ఇచ్చింది. చిన్న గాజు వయల్, చుట్టూ క్లినిక్ పేరుతో బంగారు రంగు స్టిక్కర్, అంచు గోటితో లేపితే కింద అసలు లేబుల్, సగం కొరియన్, సగం ఇంగ్లిష్, అందులో పైపూతకి మాత్రమే అని స్పష్టంగా ఉంది. అది మైక్రోనీడ్లింగ్ చేసిన చర్మం మీద పోసి పాముతున్నారు, సూది రంధ్రాలు తెరిచి ఉండగా. ఇంపోర్టర్ పేరు లేదు, మన దేశం రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. నేను ఫోటో తీశాను, తనని లేపి తీసుకొచ్చేశాను.

మీరూ అంతే చేయండి. ముందు నుంచీ వెనక నుంచీ ఫోటో. ప్రొడక్ట్ పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, తయారుచేసినవాళ్లు, ఇంపోర్టర్, వాడే విధానం. సీల్ మీ ముందే తీయాలి. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే లేచి వచ్చేయండి, మొహమాటపడకండి, నంబింగ్ క్రీమ్ రాసేశారు కదా అని కూడా ఆగకండి, అది కడుక్కుంటే పోద్ది.

పీఆర్‌పీ అయితే ట్యూబ్ మీద మీ పేరు, టైం మీ కళ్ల ముందే రాయించండి. ఒకే రోజు నలుగురి ట్యూబ్‌లు ఒకే సెంట్రిఫ్యూజ్‌లో తిరుగుతాయి, బ్లడ్ బ్యాంక్‌లో మాకు మొదటి రోజు నేర్పేది ఇదే, పేరు లేని ట్యూబ్ ఎవరిదీ కాదు, పారేయాలి. మైక్రోనీడ్లింగ్ పెన్ సూది కార్ట్రిడ్జ్ కొత్త ప్యాకెట్ చింపి పెట్టాలి, అయిపోయాక వాడిన సూదులు పారేసే డబ్బాలో వేయాలి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం అల్బుకర్కీ ఊళ్లో లైసెన్స్ లేని ఒక స్పాలో పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకి హెచ్ఐవీ వచ్చింది, 2018 నాటి కేసు, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 ఏప్రిల్‌లో రిపోర్ట్ ఇచ్చింది. అక్కడికి వెళ్లి చూస్తే పేరు రాయని రక్తం ట్యూబ్‌లు, తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లోనే మందులు. ఆ రిపోర్ట్ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన రంగు చర్మానికి అదనంగా

మనలో చాలామందిది గోధుమ రంగు, చామనఛాయ. గాయం అయితే మచ్చ నల్లబడే గుణం ఎక్కువ. సూది ఎక్కువ లోతు వేసినా, మంట తగ్గకముందే మళ్లీ చేసినా, గుంట పూడడం అటుంచి బుగ్గంతా నల్ల మచ్చలు వస్తాయి. మా చెల్లికి మొదటి సిట్టింగ్ తర్వాత పదో రోజుకి అదే అయింది, రెండు బుగ్గల మీదా బూడిద రంగు మచ్చలు, పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, పెళ్లి ఫోటోలన్నీ మందపాటి మేకప్‌లో దిగింది. కాబట్టి ముందు చెవి వెనక గానీ దవడ కింద గానీ చిన్న టెస్ట్ ప్యాచ్ చేయించుకుని మూడు నాలుగు వారాలు ఆగండి. మంగు ఉన్నవాళ్లు, చీము మొటిమలు ఇంకా వస్తున్నవాళ్లు, గాయం అయితే లావుగా గడ్డలా పెరిగే చర్మం ఉన్నవాళ్లు, మూతి దగ్గర నీటి పొక్కులు తరచూ వచ్చేవాళ్లు, గర్భిణీలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఇవన్నీ డాక్టర్‌కి ముందే చెప్పాలి. పెళ్లి ఉంటే ఆఖరి సిట్టింగ్‌కీ ముహూర్తానికీ మధ్య కనీసం రెండు నెలలు పెట్టుకోండి. నలుగు పెట్టేవాళ్లకి ముందే చెప్పండి, సూది పడిన ముఖం మీద ఆ వారంలో పసుపు, సెనగపిండి రుద్దితే మంట పుట్టి మచ్చ పడుద్ది, చేతులకీ కాళ్లకీ పెట్టించుకుంటే చాలు, అత్తలు కోప్పడినా సరే. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైది, రోజూ, ఇంట్లో ఉన్నా.

నిజంగా కణాలు పనిచేసే చోటు

బొల్లి ఉన్నవాళ్లు ఇది చదవండి. ఏడాదిగా కొత్త మచ్చలు రాకుండా, ఉన్నవి పెరగకుండా ఆగిపోయిన బొల్లికి, మందులకి లొంగనప్పుడు, కణాల సస్పెన్షన్ సర్జరీ అని ఉంది. తొడ దగ్గర పల్చటి చర్మం చెక్కులా తీసి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో 37 డిగ్రీల దగ్గర ఉంచితే పై పొర విడివడుద్ది, రంగునిచ్చే కణాలతో సహా. ఆ ద్రవాన్ని, మచ్చ పైన చర్మం గీరి, దానిమీద పోసి కట్టు కడతారు. తీసిన ముక్కకి ఐదు నుంచి పదింతల మచ్చకి సరిపోద్ది. రంగు మెల్లగా నెలల్లో వస్తది. పేరు అంత గొప్పగా ఉండదు, స్టెమ్ సెల్ అని బోర్డు ఉండదు, మన దేశంలో పెద్ద ఆసుపత్రుల డెర్మటాలజీ విభాగాల్లో ఏళ్లుగా చేస్తున్నారు. బొల్లికి డబ్బు పెట్టాలనుకుంటే ముందు దీని గురించి అడగండి.

మొటిమల గుంటలకైతే అసలు ప్రశ్న గుంట ఏ రకం అన్నది. సన్నగా లోతుగా సూదితో పొడిచినట్టున్న గుంటలకి టీసీఏ యాసిడ్ చుక్క, అలల్లా లోపలికి లాగినట్టుంటే సబ్సిషన్, అంటే కింద పట్టుకున్న దారాల్లాంటివి సూదితో తెంపడం, వెడల్పువాటికి మైక్రోనీడ్లింగ్ లేదా ఫ్రాక్షనల్ లేజర్. ఒక ముఖం మీద మూడు రకాలూ ఉండొచ్చు. అద్దంలో లైటు పక్కనుంచి పడేలా నిలబడి చూసి, బుగ్గ వేళ్లతో సాగదీసి ఏ గుంట పోతోందో ఏది పోవట్లేదో చూపించే డాక్టర్ దొరికితే వదలకండి.

డబ్బు, తేడా వస్తే ఏం చేయాలి

ప్యాకేజీ వద్దు, సిట్టింగ్‌కి సిట్టింగ్ కట్టండి. జీరో వడ్డీ ఈఎంఐ అని లోన్ సంతకం పెట్టిస్తారు, మధ్యలో ఆపినా కంతులు మీ అకౌంట్‌లోంచి పోతూనే ఉంటాయి. బిల్లు మీద ప్రొడక్ట్ పేరు, సిట్టింగ్ నంబర్ రాయించండి, "స్కిన్ ట్రీట్‌మెంట్" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. కన్సెంట్ ఫారం కాపీ అడిగి తీసుకోండి, ఫోటో అయినా సరే.

తేడా జరిగితే మొదట వేరే డెర్మటాలజిస్ట్‌కి చూపించి ఆ రోజే రాతలో రిపోర్ట్ తీసుకోండి, రోజూ ఒకే వెలుతురులో ముఖం ఫోటో తీయండి. మందు వల్ల రియాక్షన్ అయితే 1800-180-3024కి చెప్పొచ్చు, మందుల దుష్ఫలితాలు నమోదు చేసే నంబర్ అది. డాక్టర్ మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, క్లినిక్ మీద జిల్లా డీఎంహెచ్ఓ ఆఫీసుకి, లేబుల్ సరిగ్గా లేని వయల్ మీద డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకి రాయండి. డబ్బు కోసం అయితే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915, అక్కడ తేలకపోతే జిల్లా కన్జ్యూమర్ కమిషన్, రెండేళ్లలోపు వేయాలి, కట్టిన డబ్బు 5 లక్షలలోపైతే ఫీజు ఉండదు.

మేం 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకుని, ఆ స్టిక్కర్ లేపిన వయల్ ఫోటో, బిల్లు, బుగ్గల ఫోటోలు కలిపి క్లినిక్‌కి రిజిస్టర్డ్ పోస్ట్‌లో ఉత్తరం పంపాం. మూడు వారాల తర్వాత అడ్వాన్స్‌లో 22,000 వెనక్కి వచ్చింది. చెల్లి ఇప్పుడు వేరే డాక్టర్ దగ్గర సబ్సిషన్ చేయించుకుంటోంది, రెండు సిట్టింగ్‌లు అయ్యాయి, ఎడమ బుగ్గ మీద పెద్ద గుంట సగానికి వచ్చింది. ప్రతిసారీ కూర్చోగానే "సార్, ఈ రోజు ఏం వాడుతున్నారు" అని తనే అడుగుతోంది, ఆయన సూది ప్యాకెట్ చూపించి మరీ చింపుతున్నారు.